రాత్రి రెండు గంటలకు వచ్చే రోగం

1683లో లండన్ వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ గౌట్ వ్యాధి మీద లాటిన్‌లో ఒక గ్రంథం వెలువరించాడు. ముప్పై ఏళ్లకు పైగా ఆ రోగాన్ని తానే అనుభవించినవాడు కాబట్టి, అందులో పాత పుస్తకాలు చెప్పిన మాట తక్కువ, కాలి బొటనవేలు చెప్పిన మాట ఎక్కువ. రోగి ఏ బాధా లేకుండా పడుకుంటాడు, హాయిగా నిద్రపోతాడు. రాత్రి సుమారు రెండు గంటల వేళ నొప్పికి మెలకువ వస్తుంది. ఎక్కువగా బొటనవేలు, అప్పుడప్పుడు మడమో చీలమండో. తర్వాత చలి, వణుకు, కొద్దిగా జ్వరం. చివరికి కాలు దుప్పటి బరువునైనా ఓర్చుకోలేదు, గదిలో ఎవరైనా నడిస్తే ఆ అదురుకే ప్రాణం విలవిలలాడుతుంది. గౌట్ గురించి ఇంతకన్నా మంచి వర్ణన ఆ తర్వాత ఎవరూ రాయలేదు. అందులోని ప్రతి ముక్కనూ పట్టుకుని వైద్యులు కారణాలు వెతికారు: బొటనవేలే ఎందుకు, మగవాళ్లకే ఎక్కువెందుకు, తండ్రి నుంచి కొడుకుకు ఎందుకొస్తుంది అని. రెండు గంటలే ఎందుకని మాత్రం దాదాపు మూడు వందల ఏళ్ల పాటు ఎవరూ గట్టిగా అడగలేదు. గౌట్ చరిత్రను విందు బల్ల దగ్గర కూర్చుని రాశారు తప్ప పడక పక్కన కూర్చుని రాయలేదు. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకు, అంటే స్లీప్ ఆప్నియాకు, గౌట్‌తో సంబంధం ఉందని లెక్కల్లో తేలింది ఈ మధ్యనే. కానీ అటువైపు చూడటానికి కావలసిన ఆధారాలు చాలావరకు పాతవే. ఇంత ఆలస్యానికి పరికరాల లేమి సగం కారణం. తిండి చెప్పే కథ అందరికీ మరీ తృప్తిగా ఉండటం మిగతా సగం.

ఆ కథ పాతది. హిప్పోక్రటీస్ పేరున ఉన్న సూత్రాల్లో ఈ రోగం నపుంసకులకు రాదనీ, ఆడవాళ్లకు బహిష్టు ఆగేదాకా రాదనీ ఉంది. రోమ్‌లో గాలెన్ దీన్ని భోగలాలసతకూ వంశానికీ అంటగట్టాడు. గౌట్ అన్న పేరు చుక్క అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ఒంట్లోని చెడు రసం చుక్కచుక్కగా కీలులోకి కారుతుందని మధ్యయుగాల నమ్మకం. 1703లో పోర్చుగల్‌తో ఒప్పందం కుదిరి పోర్ట్ వైన్ మీద సుంకం తగ్గాక ఇంగ్లండ్ సంపన్నుల ఇళ్లలో సీసాలతో పాటు గౌట్ కూడా పెరిగింది. ఫ్లానెల్ గుడ్డ చుట్టిన కాలు, ఆ కాలు పెట్టుకునే ఎత్తుపీట, రోగి తానే తిప్పుకుంటూ వెళ్లే మెర్లిన్ చక్రాల కుర్చీ, బాత్ పట్టణపు వేడినీటి బుగ్గల దగ్గర కొన్ని వారాల మకాం, ఇవన్నీ హోదాకు గుర్తులయ్యాయి. గౌట్ ఉన్నవాడి జోలికి అంతకన్నా పెద్ద రోగం రాదని నమ్మి, దాన్ని నయం చేసుకోవడానికే జంకినవాళ్లున్నారు. సిడెన్‌హామ్ కూడా ఇది పేదల కన్నా ధనికులను, మందమతుల కన్నా తెలివైనవాళ్లను ఎక్కువగా బలి తీసుకుంటుందని రాసి తనలాంటి వాళ్లను ఓదార్చుకున్నాడు. ఇంగ్లీషువాళ్లకు ఇది రాజుల రోగం. మన దగ్గర ఆ బిరుదు క్షయకు దక్కింది, రాజయక్ష్మ అని. గౌట్‌ను పోలిన జబ్బుకు ఆయుర్వేదం ఇచ్చిన పేర్లలో ఒకటి ఆఢ్యవాతం. ఆఢ్యుడంటే కలిగినవాడు. రెండు నాగరికతలు ఒకదాన్ని చూసి ఒకటి రాయకుండానే ఒకే మాట అన్నాయి.

ఆ ఆయుర్వేద గ్రంథాల దగ్గర కాస్త ఆగాలి. చరకసంహిత చికిత్సాస్థానంలో వాతరక్తానికి ఒక అధ్యాయం ఉంది. కారణాల జాబితా పొడవైనది: ఉప్పు, పులుపు, కారం, నీటిలో తిరిగే జంతువుల మాంసం, ముల్లంగి, ఉలవలు, మినుములు, పెరుగు, సుర, గుర్రాల మీదా ఒంటెల మీదా సవారీ, కోపం. సుకుమారులకు, తీపి తిని సుఖంగా కూర్చునేవాళ్లకు, నడక అలవాటు లేనివాళ్లకు వస్తుందని కూడా ఉంది. ఇంతవరకు గాలెన్ కథే. అయితే అదే జాబితాలో పగటి నిద్ర, రాత్రి మెలకువ అనే రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. ఇక సుశ్రుతసంహిత ఈ జబ్బు పాదాల దగ్గర మొదలై ఎలుక విషంలా ఒళ్లంతా పాకుతుందని చెబుతుంది. అదే గ్రంథం వేరే సందర్భంలో, అతిగా లావెక్కినవాడి లక్షణాలు చెబుతూ ఆయాసం, దాహం, అతినిద్ర, చెమటలతో పాటు ‘క్రథనం’ అనే మాట వాడుతుంది. గురక, ఊపిరి అడ్డుపడటం అని దానికి అర్థం చెబుతారు. మన పెద్దలకు అంతా ముందే తెలుసునని చంకలు గుద్దుకోవడానికి కాదు ఈ ప్రస్తావన. వాతరక్తం అంటే కచ్చితంగా నేటి గౌట్ కాదు, దాని కింద ఇంకెన్నో కీళ్ల జబ్బులున్నాయి. రాత్రి మేలుకోవడమూ, నిద్రలో ఊపిరి ఆగడమూ ఒకటి కావు. ఒకే గ్రంథంలో ఉన్నంత మాత్రాన క్రథనానికీ వాతరక్తానికీ సుశ్రుతుడు ముడివేశాడని చెప్పలేం. గమనించవలసింది వేరే. జాబితాలో తిండితో సమానంగా నిద్రకూ చోటిచ్చారు. తర్వాతి తరాల వాడుకలో మిగిలింది మాత్రం పథ్యం, అంటే తినకూడని వాటి పట్టిక. నిద్ర మాట జారిపోయింది. తిండిని నిషేధించడం తేలిక, చెప్పడానికీ వినడానికీ బాగుంటుంది. నిద్రను ఎవరు నిషేధిస్తారు?

సిడెన్‌హామ్ దగ్గరా ఇదే జరిగింది. గంట సహా రాసినవాడు కారణాన్ని మాత్రం కడుపులో పెట్టాడు. అరగని తిండి రసాలుగా మారి కీలును పట్టుకుంటుందన్నాడు. ఆ తర్వాతి రెండు వందల ఏళ్లు రసాయనశాస్త్రానివి. 1679లోనే లేవెన్‌హుక్ గౌట్ గడ్డలోని సుద్దలాంటి పదార్థాన్ని సూక్ష్మదర్శిని కింద చూసి సూదుల్లాంటి స్ఫటికాలున్నాయన్నాడు. అవి ఏమిటో ఆయనకు తెలియదు. 1776లో షీలే మూత్రపిండాల రాళ్ల నుంచి యూరిక్ యాసిడ్‌ను వేరు చేశాడు. 1797లో వొలాస్టన్ గౌట్ గడ్డలో ఉన్నది దాని లవణమేనని తేల్చాడు. 1848లో లండన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ గారోడ్ రోగుల రక్తంలోనే యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉందని కొలిచి చూపించాడు. ఇక్కడ విందు కథకు మొదటి బీట పడవలసింది. ఎందుకంటే గారోడ్ తన ఆసుపత్రిలోని గౌట్ రోగుల్లో సుమారు నాలుగో వంతు మందికి సీసం విషం సోకిన చరిత్ర ఉందని, వాళ్లలో చాలామంది రంగులు వేసేవాళ్లు, గొట్టాలు బిగించేవాళ్లని గమనించాడు. పోర్ట్ వైన్ తాగే ప్రభువు, సీసపు రంగు పూసే కూలీ ఒకే నొప్పితో మూలుగుతున్నారు. సీసం మూత్రపిండాలను దెబ్బతీస్తే యూరిక్ యాసిడ్ బయటికి పోలేక ఒంట్లో నిలుస్తుంది. ఆ కూలీకి విందులెక్కడివి? అయినా బీట పూడిపోయింది. యూరిక్ యాసిడ్ తిండిలోని ప్యూరిన్ల నుంచి వస్తుందని తెలియడంతో పాత నీతికి కొత్త రసాయన సాక్ష్యం దొరికినట్టయింది. ఒంట్లో తయారయ్యే యూరిక్ యాసిడ్‌లో ఎక్కువ భాగం తిన్నదాని నుంచి కాక మన కణాల నుంచే వస్తుందన్న విషయం పెద్దగా ఎవరి నోటా వినపడలేదు.

ఇటువైపు గురక సంగతి ఇంకా చిత్రం. గౌట్‌ను కనీసం గౌరవించారు. గురకను చూసి నవ్వారు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో నల్లసముద్రం ఒడ్డున హెరాక్లియాను పాలించిన డయోనిసియస్ విపరీతంగా లావెక్కి, మొద్దునిద్రలో ఉన్నప్పుడు ఒంట్లో సన్నటి పొడవాటి సూదులు గుచ్చితే తప్ప లేచేవాడు కాదని గ్రీకు రచయితలు రాసిపెట్టారు. వైద్యులు ఎందుకు గుచ్చవలసి వచ్చిందో ఆలోచించకుండా తర్వాతివాళ్లు దాన్ని తిండిపోతు రాజు కథగా చెప్పుకున్నారు. మన కుంభకర్ణుడిని లేపడానికి వెళ్లిన రాక్షసులు అతని ఊపిరి గాలికే వెనక్కి పడ్డారని వాల్మీకి రామాయణం చెబుతుంది. తెలుగులో ‘గుర్రుపెట్టి నిద్రపోయాడు’ అంటే ఆదమరిచి హాయిగా పడుకున్నాడని భావం. గురక సుఖానికి గుర్తు కాదు, ఇరుకైన గొంతులోంచి ఊపిరి పెనుగులాట అని భాష ఒప్పుకోలేదు. అన్నిటికన్నా గొప్ప సాక్ష్యం 1836, 1837ల్లో విడివిడి భాగాలుగా వచ్చిన చార్లెస్ డికెన్స్ నవల పిక్‌విక్ పేపర్స్. అందులో జో అనే లావుపాటి కుర్రాడున్నాడు. నిలబడే నిద్రపోతాడు, పని మధ్యలో గురకపెడతాడు. అదే నవలలో టోనీ వెల్లర్ అనే బండి తోలేవాడికి గౌట్ ఉంది. మితిమీరిన సుఖం వల్లే అది వస్తుందనీ, గట్టి గొంతున్న విధవరాలిని పెళ్లాడితే కుదురుతుందనీ అతని సిద్ధాంతం. రెండు జబ్బులూ ఒకే పుస్తకంలో, ఒకే రచయిత కంటికి అంత స్పష్టంగా కనిపించి, రెండూ హాస్యంగానే మిగిలాయి. జో పెద్దవాడై ఏమయ్యాడో డికెన్స్ రాయలేదు. రాసి ఉంటే కాలికి ఫ్లానెల్ చుట్టి ఉండేవాడేమో.

వైద్యం కూడా జో పేరునే అరువు తెచ్చుకుంది. 1956లో అమెరికాలో బర్వెల్, ఆయన సహచరులు ఒక స్థూలకాయుడి కేసును పిక్‌వికియన్ సిండ్రోమ్ పేరుతో ప్రచురించారు. ఆ పెద్దమనిషి ఆసుపత్రికి వచ్చిన కారణం పేకాట. మూడు ఆసులు, రెండు రాజులు చేతికొచ్చిన గెలుపు ఆటలో నిద్రలోకి జారిపోయాడు, ముక్కలు అలాగే చేతిలో ఉండిపోయాయి. డాక్టర్లు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడమే పగటి మత్తుకు కారణమన్నారు. ఆయన రాత్రి ఎలా నిద్రపోతున్నాడో మాత్రం ఎవరూ కూర్చుని చూడలేదు. అంతకు చాలా ముందు, 1877లోనే, ఇంగ్లీషు వైద్యుడు బ్రాడ్‌బెంట్ వెల్లకిలా పడుకుని గురకపెట్టేవాళ్లలో గొంతు మూసుకుపోయి ఊపిరి కాసేపు ఆగి, పెద్ద శబ్దంతో మళ్లీ మొదలవుతుందని లాన్సెట్ పత్రికలో వర్ణించాడు. ఆ వర్ణన వేరే విషయం మీద రాసిన వ్యాసంలో ఒక మూల ఉండిపోయింది. 1965లో ఫ్రాన్స్‌లో గస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో వేర్వేరుగా రాత్రంతా ఊపిరిని యంత్రంతో గీయించి చూశాకగానీ రోగం అసలు రూపం తేలలేదు. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో గిల్లెమినో బృందం స్లీప్ ఆప్నియా పేరును స్థిరపరిచింది. 1981లో సిడ్నీలో కొలిన్ సలివాన్ ముక్కుకు తొడుగు బిగించి గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచే సీప్యాప్ పద్ధతిని అయిదుగురు రోగులతో ప్రకటించాడు. ఈ ఆలస్యం ఒక రకంగా న్యాయమైనదే. ఈ జబ్బుకు రోగి సాక్షి కాడు, పక్కన పడుకున్న మనిషే సాక్షి. వందల ఏళ్లు ఆ సాక్షి భార్య. ఆమె చెప్పింది రాసుకున్న వైద్యుడు అరుదు. గౌట్ రోగి మాత్రం తన నొప్పికి తానే సాక్షి, తానే రచయిత, సిడెన్‌హామ్ లాగా. ఒక జబ్బుకు అంత సాహిత్యం ఉండి, రెండోదానికి లేకపోవడానికి ఇదొక కారణం.

రెండింటినీ కలిపే దారి రసాయనశాలలో తయారైంది, అదీ ఒక తెలుగువాడి చేతి మీదుగా. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నాడు. కణం ఖర్చుపెట్టే శక్తికి ఏటీపీ నాణెం. ఖర్చయిన నాణేన్ని ఆక్సిజన్ ఉన్నంతసేపు కణం మళ్లీ ముద్రించుకుంటుంది. ఆక్సిజన్ అందకపోతే ముద్రణ ఆగిపోయి, ఖర్చయిన ముక్కలు ఇంకా చిన్నగా విరిగి హైపోజాంథిన్‌గా, తర్వాత జాంథిన్‌గా, చివరకు యూరిక్ యాసిడ్‌గా మారతాయి. చాలా క్షీరదాలకు ఆ యూరిక్ యాసిడ్‌నూ విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. పరిణామంలో మన జాతి దాన్ని పోగొట్టుకుంది. అంటే యూరిక్ యాసిడ్ పుట్టడానికి మాంసపు ముద్దే అక్కర్లేదు, ఊపిరి ఆడకపోయినా చాలు. అదే హార్వర్డ్ విభాగంలో జార్జ్ హిచ్చింగ్స్ అనే యువకుడు ప్యూరిన్లను సూక్ష్మంగా కొలిచే పద్ధతుల మీద డాక్టరేట్ చేశాడు. ఆయనే తర్వాత గెర్‌ట్రూడ్ ఎలియన్‌తో కలిసి అల్లోప్యూరినాల్‌ను తయారుచేశాడు. హైపోజాంథిన్ నుంచి యూరిక్ యాసిడ్ దాకా ఉన్న చివరి రెండు మెట్లను అడ్డగించే ఆ మందు 1966 నుంచి గౌట్ వైద్యానికి వెన్నెముక. గౌట్ కథలో మన సుబ్బారావు పేరు ఎవరూ తలవరు. తలవవలసిన చోటు ఇదే.

ఊపిరి ఆడకపోతే యూరిక్ యాసిడ్ పెరుగుతుందా అన్నది ఊహగానే మిగిలిపోలేదు. సముద్రమట్టానికి 4,000 మీటర్ల పైన ఆండీస్ కొండల్లో బతికేవాళ్లలో, ముఖ్యంగా ఆ ఎత్తు ఒంటికి సరిపడక జబ్బుపడినవాళ్లలో, రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉంటుందని వైద్యులు చూశారు. నిద్రలో ఆక్సిజన్ పడిపోయేవాళ్ల మూత్రంలో రాత్రికి రాత్రే యూరిక్ యాసిడ్ పాలు పెరుగుతుందని 1987లో అమెరికా పరిశోధకులు చూపించారు. అప్పటికే రెండు జబ్బులూ ఒక గదిలోకి వచ్చేసినట్టే. అయినా కీళ్ల వైద్యుడూ నిద్ర వైద్యుడూ వేర్వేరు అంతస్తుల్లో కూర్చుంటారు కదా! జనాభా లెక్కలు రావడానికి ఇంకో 28 ఏళ్లు పట్టింది. 2015లో బోస్టన్ పరిశోధకులు 724 మంది గౌట్ రోగులను ఏడాది పాటు ఇంటర్నెట్ ద్వారా గమనించి, 1,433 దాడుల వేళలు నమోదు చేశారు. అర్ధరాత్రి నుంచి ఉదయం ఎనిమిది లోపు వచ్చినవి 733. ఎనిమిది నుంచి మధ్యాహ్నం మూడు లోపు 310, ఆ తర్వాత అర్ధరాత్రి దాకా 390. పగటితో పోలిస్తే రాత్రి ముప్పు సుమారు 2.4 రెట్లు. సిడెన్‌హామ్ రెండు గంటలు అన్న మాటకు 332 ఏళ్ల తర్వాత దొరికిన లెక్క ఇది. ఇందులో అసలు పదునైన సంగతి ఇంకొకటి. ముందు రోజు మద్యం ముట్టనివాళ్లలోనూ, ప్యూరిన్లు అతి తక్కువగా తిన్నవాళ్లలోనూ రాత్రి ముప్పు అలాగే ఉంది. అంటే రాత్రి దాడిని రాత్రి విందుకు పూర్తిగా అంటగట్టడం కుదరదు. విందు కథకు ఇంతకన్నా గట్టి ఎదురుసాక్ష్యం నాకు తెలిసి లేదు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం బరువు. లావైనవాడికి గౌట్ వస్తుంది, లావైనవాడికే గొంతు మూసుకుపోయి గురక వస్తుంది. ఒకే చెట్టుకు కాసిన రెండు కాయలను చూసి ఒకటి రెండోదాన్ని కన్నదంటే ఎలా? ఈ ప్రశ్న న్యాయమైనది, డయోనిసియస్ నుంచి జో దాకా నేను చెప్పిన ఉదాహరణలన్నీ దానికే బలం. అందుకే అదే 2015లో అదే బృందం బ్రిటన్ కుటుంబ వైద్యుల రికార్డుల నుంచి స్లీప్ ఆప్నియా ఉన్న 9,865 మందిని, అదే వయసు, అదే లింగం, అదే బీఎంఐ ఉండి ఆ జబ్బు లేని 43,598 మందిని ఎదురెదురుగా పెట్టి చూసింది. ఏడాదికి వెయ్యి మందిలో కొత్తగా గౌట్ వచ్చినవాళ్లు ఆప్నియా వైపు 8.4, ఇటువైపు 4.8. ఇతర కారణాలను సర్దుబాటు చేశాక కూడా ముప్పు ఒకటిన్నర రెట్లు మిగిలింది. 2019లో కీల్ విశ్వవిద్యాలయం వాళ్లు దాదాపు 79 వేల మందిని సుమారు ఆరేళ్ల పాటు అనుసరిస్తే ఆప్నియా ఉన్నవాళ్లలో 4.9 శాతానికి, లేనివాళ్లలో 2.6 శాతానికి గౌట్ వచ్చింది. బరువు సాధారణంగా ఉన్నవాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. కాబట్టి బరువు ఒక్కటే మొత్తం కథ కాదు. ఇంకో సందేహం కూడా ఉంది: ఒక జబ్బుకు ఆసుపత్రి మెట్లెక్కినవాడికి రక్తపరీక్షలు ఎక్కువ జరిగి రెండో జబ్బు బయటపడుతుంది. ఇది కొంతమేర నిజమే అయుండొచ్చు. కానీ రాత్రి రెండింటికి దుప్పటి తగిలితే కేక పెట్టించే జబ్బును కనిపెట్టడానికి రక్తపరీక్ష కోసం ఎదురుచూడనక్కర్లేదు.

రాత్రికి వేరే వివరణలు లేవని కూడా కాదు. యూరిక్ యాసిడ్ లవణం చల్లదనంలో తక్కువ కరుగుతుంది, ఒంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండేది కాలి వేళ్లు. వాపును అణచే కార్టిసాల్ హార్మోన్ రాత్రి పూట అడుగంటుతుంది. గంటల కొద్దీ నీళ్లు తాగం. 1977లో అమెరికా వైద్యుడు పీటర్ సిమ్‌కిన్ ఇంకో మంచి మాట చెప్పాడు: పగలంతా నడకతో బొటనవేలి కీలులో చేరిన నీరు రాత్రి విశ్రాంతిలో వెనక్కి ఇంకిపోతుంది, యూరిక్ యాసిడ్ అంత వేగంగా ఇంకలేక అక్కడే చిక్కబడి స్ఫటికాలు కడుతుంది. ఇవన్నీ నిలబడే వాదనలే. ఆప్నియా వాటిని కొట్టేయదు, వాటి మీద మరో బరువు వేస్తుంది. అన్నిటికన్నా నాకు ఇబ్బంది కలిగించే అభ్యంతరం మరొకటి. ఊపిరి ఆగడమే కారణమైతే సీప్యాప్ పెట్టగానే యూరిక్ యాసిడ్ తగ్గాలి. అధ్యయనాల్లో కొన్నిచోట్ల తగ్గింది, కొన్నిచోట్ల తగ్గలేదు. ఇది వాదనకు బలహీనతే, దాచనక్కర్లేదు. నెలల తరబడి తొడుగు పెట్టుకుని పడుకోవడం ఎంతమందికి సాధ్యమన్నది ఒక సంగతి. ఏళ్ల తరబడి కీళ్లలో పేరుకున్న స్ఫటికాలు కొన్ని వారాల మంచి నిద్రకు కరగవన్నది ఇంకో సంగతి. రక్తంలోని అంకె మారకపోయినా దాడి వేళ మారొచ్చు, ఎందుకంటే దాడిని రేపేది రాత్రివేళ వచ్చే ఒడుదొడుకులు. ఇంతవరకు తేలింది ముప్పు పెరుగుతుందని. చికిత్సతో తగ్గుతుందని తేలలేదు. మరోవైపు, అమెరికాలో 65 దాటినవాళ్ల మెడికేర్ రికార్డులతో 2018లో చేసిన అధ్యయనంలో గౌట్ ఉన్నవాళ్లకే తర్వాత ఆప్నియా నిర్ధారణ కావడం సుమారు రెట్టింపు ఉంది. బాణం ఏ వైపు ఎగిరిందో చెప్పడం కష్టమే. ఆప్నియా ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా ఉండే జబ్బు కాబట్టి, డాక్టరు రాసిన తేదీని బట్టి ఏది ముందో నిర్ణయించలేం.

ఇంత చదివాక పాత రాజులందరికీ గురక అంటగట్టాలనిపిస్తుంది. ఆ పని చేయకూడదు. పవిత్ర రోమన్ చక్రవర్తి అయిదో చార్లెస్ గౌట్‌తో కుంగి, 1556 నాటికి సింహాసనాలు వదిలి స్పెయిన్‌లోని యూస్తె మఠానికి చేరి 1558లో చనిపోయాడు. భద్రపరచిన ఆయన వేలి ముక్కను 2006లో స్పెయిన్ వైద్యులు పరీక్షించి, ఎముకను తినేసిన యూరిక్ యాసిడ్ స్ఫటికాలను చూశారు. తిండి, బీరు, ముందుకు పొడుచుకొచ్చిన దవడ, సరిగ్గా మూసుకోని నోరు, అన్నీ చరిత్రకెక్కాయి. ఇంకేముంది, ఆప్నియా కూడా ఉండే ఉంటుందని రాసేయొచ్చు. వేలు మిగిలింది కాబట్టి గౌట్ తేలింది; ఆయన రాత్రులు మిగలలేదు. గౌట్ రాయి వదిలి వెళుతుంది, ఊపిరి ఆనవాలు వదలదు. చరిత్రకారుడికి ఇదే అసలు చిక్కు. ఒక జబ్బుకు శిలాశాసనం ఉంది, రెండోదానికి పుకారు కూడా లేదు.

విందు కథ వల్ల జరిగిన నష్టం పాతకాలంతో పోలేదు. తెలుగు ఇళ్లలో యూరిక్ యాసిడ్ ఎక్కువుందని తెలియగానే మొదట వంటింటి మీద దాడి మొదలవుతుంది: కందిపప్పు మానేయాలి, పాలకూర మానేయాలి, టమోటా మానేయాలి. 2004లో అమెరికాలో 47,150 మంది మగవాళ్లను 12 ఏళ్లు గమనించిన అధ్యయనంలో మాంసం, చేపలు, రొయ్యల వంటివి ముప్పు పెంచాయి. ప్యూరిన్లు ఎక్కువున్న కూరగాయలు పెంచలేదు, పాల పదార్థాలు తగ్గించాయి. 2018లో 16,760 మంది ఐరోపా సంతతివాళ్ల మీద జరిగిన విశ్లేషణలో మనిషికీ మనిషికీ మధ్య యూరిక్ యాసిడ్ తేడాలో ఆహారపు తీరు వివరించగలిగింది 0.3 శాతానికి మించలేదు. జన్యువులు సుమారు 24 శాతం వివరించాయి. తిండికి పాత్రే లేదని దీని అర్థం కాదు. బీరు సీసా, మాంసం కూర దాడిని రేపగలవు, వాటి మీద సందేహం లేదు. కానీ రోగిని తప్పు చేసినవాడిలా నిలబెట్టి, నాలుక అదుపులో పెట్టుకోలేదని ఇంటిల్లిపాదీ దెప్పడానికి శాస్త్రం ఇచ్చిన ఆధారం చాలా చిన్నది. పెళ్లిభోజనం తిని మరునాడు కాలు వాచినవాడికి అది గుర్తుండిపోతుంది. పప్పు మానేసిన నెల కూడా కాలు వాచిన రాత్రి ఎవరికీ గుర్తుండదు. ఆ రాత్రి గురక ఎంతసేపు సాగిందో, మధ్యలో ఎన్నిసార్లు ఆగిందో పక్కన పడుకున్న మనిషికి తెలిసే ఉంటుంది. ఆమెను అడగడానికి ఖర్చేమీ కాదు.

ఐరోపా కీళ్లవైద్యుల సమాఖ్య 2016లో గౌట్ చికిత్సకు ఇచ్చిన సిఫార్సుల్లో, గౌట్ తేలిన ప్రతి మనిషిలోనూ తోడుగా ఉన్నాయేమో చూడవలసిన వాటి జాబితా ఉంది: మూత్రపిండాల బలహీనత, గుండెజబ్బు, గుండె వైఫల్యం, పక్షవాతం, కాళ్ల రక్తనాళాల జబ్బు, స్థూలకాయం, కొవ్వు, రక్తపోటు, మధుమేహం, పొగతాగడం. గురక ఆ జాబితాలో లేదు.